కేబుల్ పిన్ను, కాకి, అమ్మ

ఉరిమితే చాలు, మా అమ్మ ఇంట్లో వైర్లన్నీ పీకేస్తుంది. ఆ అలవాటు చేసింది నేనే. ఏళ్ల కిందట వానాకాలం జాగ్రత్తల మీద ఓ వ్యాసం రాస్తూ 'పిడుగులు పడేటప్పుడు టీవీ ప్లగ్గుతోపాటు కేబుల్ పిన్ను కూడా తీసేయండి' అన్నాను. అమ్మ దాన్ని కత్తిరించి బీరువా తలుపుకి అంటించుకుంది.

కిందటి వేసవిలో ఓ సాయంత్రం, తెనాలి దగ్గర మా ఊళ్లో గాలివాన. అమ్మ టీవీ స్విచ్చి ఆపి, వెనక చెయ్యి పెట్టి కేబుల్ పిన్ను పట్టుకుంది. సరిగ్గా అప్పుడే దగ్గర్లో ఎక్కడో పిడుగు! మోచేతి దాకా మొద్దుబారిపోయింది. రెండు వేళ్లు కమిలాయి. సెట్‌టాప్ బాక్సు మాడిపోయింది. 'నీ కొడుకు రాశాడని పిడుగులో చెయ్యి పెడతావా?' అంటూ నాన్న కేకలు. నేను రాత్రికి రాత్రి బస్సెక్కి వెళ్తే, కట్టు కట్టిన చేత్తోనే కాఫీ ఇచ్చింది. నాకు గొంతు దిగలేదు.

'పడేటప్పుడు' అని రాశాను. 'ముందే' అని రాయాల్సింది. ఉరుము వినపడ్డాక తీగ ముట్టుకోనే కూడదు.

నిజానికి పిడుగు మా ఇంటి మీద పడలేదు. పడక్కర్లేదు కూడా. స్తంభాల వెంట, వేపచెట్టు మీదుగా, డాబా దాటుకుని వచ్చే కేబుల్‌లో లోహపు అల్లిక ఉంటుంది. చుట్టుపక్కల పిడుగు పడినా అందులోకి కరెంటు ఎగదన్నుతుంది. నేలలోకి దిగే దారి వెతుక్కుంటుంది. మనం స్విచ్చి ఆపితే తెగేది ఫేజ్ ఒక్కటే. న్యూట్రల్ కలిసే ఉంటుంది. అంటే దారి సెట్‌టాప్ బాక్సులోంచే... లేదంటే పట్టుకున్న చేతిలోంచి! పాత ల్యాండ్‌లైన్ తీగదీ ఇదే కథ.

మర్నాడు ఎలక్ట్రీషియన్ వచ్చాడు. వరసకు బాబాయ్. మా ఎర్త్ గుంట పెరట్లో ఉంది. బొగ్గు, ఉప్పు వేసి పాతిన పైపు. ఎండాకాలం అమ్మ రోజూ బిందెడు నీళ్లు పోస్తుంది. 'కేబుల్ వీధి వైపు నుంచి వస్తోందిగా, దానికి కిటికీ కింద వేరే రాడ్డు పాతేద్దాం' అన్నాడు బాబాయ్. చాలామంది చేసే పొరపాటే అది. పిడుగులో సుమారు 30,000 ఆంపియర్లు ఉంటాయి. అందులో 1,000 మాత్రమే ఆ రాడ్డులోకి దిగాయనుకోండి. రాడ్డు నిరోధం 5 ఓములుంటే అది 5,000 వోల్టులకు లేస్తుంది. పెరట్లో ఎర్త్ మాత్రం అలాగే ఉంటుంది. ఆ తేడా అంతా మధ్యలో ఉన్న టీవీ మీదే పడుతుంది.

బాబాయ్ ఒప్పుకోలేదు. ముప్ఫై ఏళ్ల అనుభవం మరి! 'కరెంటు తీగ మీద కాకి ఎందుకు చావదు బాబాయ్?' అన్నాను. వంటింట్లోంచి అమ్మ అందుకుంది. 'రెండు కాళ్లూ ఒకే తీగ మీద ఉంటాయి గనక. మరిదిగారూ, మీరు దానికి రెండో తీగ చూపిస్తున్నారు.'

ఆయన నవ్వి గునపం పక్కన పెట్టాడు.

కేబుల్‌ని మీటరు వైపు తిప్పించాం. లోపలికి రాకముందే గోడ మీద చిన్న లోహపు బిళ్ల బిగించి, కేబుల్‌ని దాని గుండా తెచ్చి, ఆ బిళ్లను పొట్టి రాగి తీగతో ఇంటి మెయిన్ ఎర్త్‌కే కలిపాం. తీగ చుట్టలు చుట్టకూడదు, పొడుగైనకొద్దీ ఫలితం తగ్గుతుంది. పిడుగు నేరుగా ఇంటి మీదే పడితే ఇది చాలదు, అది వేరే సంగతి. ఫైబర్ నెట్ వాళ్లకి ఈ బెడద తక్కువ. గాజు పోగులో కరెంటు పారదు. కాకపోతే కొన్నింటికి ఆసరాగా ఉక్కు తీగ ఉంటుంది, చూసుకోవాలి.

బయల్దేరుతుంటే అమ్మ బీరువా మీది కాగితం ఊడదీసి నా చేతిలో పెట్టింది.

'మళ్లీ రాయరా. ఈసారి ముందే తీసెయ్యమని రాయి' అంది.