బల్ల దగ్గరికి వచ్చే ముందు

ఉదయగిరి, ఆత్మకూరు పల్లెల్లో సంఘాలు నిన్నమొన్న మొలిచినవి కావు. 1840లో నెల్లూరులో స్థిరపడిన అమెరికన్ బాప్టిస్టు మిషను 1885లో ఉదయగిరిలో, 1893లో ఆత్మకూరులో కేంద్రాలు తెరిచింది. సంఘం ఎంత పాతదో దాని తగాదాలూ అంత పాతవి. మేం వెళ్లిన పల్లెలో ఒకే వీధిలో రెండు మందిరాలున్నాయి. ఒకప్పుడు అందరిదీ ఒకే మందిరం.

ఆ ఆదివారం ప్రభువు బల్ల. తెల్లగుడ్డ పరిచిన బల్ల మీద చిన్న గాజు గ్లాసుల్లో ద్రాక్షరసం, పళ్లెంలో రొట్టె. చాపల మీద మగవాళ్లు ఒకవైపు, ముసుగులేసుకున్న ఆడవాళ్లు ఇంకోవైపు. రొట్టె విరవబోతూ అయ్యగారు ఆగారు. "ఎవురి మీదన్నా మనసులో ఏదన్నా ఉంటే ముందు పోయి మాట్లాడుకోండి. బల్ల ఆ తర్వాతే" అన్నారు.

వెనక వరసలోంచి ఒకతను లేచి అవతలి గోడ దగ్గర కూర్చున్న పెద్దాయన ముందు నిలబడ్డాడు.

"అన్నా, మందిరం స్లాబు డబ్బుల మాట నేను అందరి ముందరా అనకుండా ఉండాల్సింది."

"మాట సంగతి సరే అబ్బాయా. లెక్క మాత్రం చూడాల."

ఇద్దరూ బల్లలో పాలు పుచ్చుకున్నారు. లెక్క సాయంత్రానికి పెట్టుకున్నారు.

పెద్దాయన మాటలో పట్టుంది. ఐక్యత పేరు చెప్పి నోరు మూయించడం సువార్తలో ఎక్కడా లేదు. యెరూషలేము సంఘంలో రోజూ పెట్టే భోజనం తమ విధవరాండ్రకు సరిగా అందడం లేదని గ్రీకు మాట్లాడే విశ్వాసులు సణిగినప్పుడు, అపొస్తలులు వాళ్లను గద్దించలేదు. ఏడుగురిని ఎన్నిక చేయించి ఆ పని అప్పగించారు. ఏడుగురివీ గ్రీకు పేర్లే. కొరింథీయులను కోర్టుకెక్కినందుకు మందలించిన పౌలు కూడా తగవు తీర్చగల తెలివైనవాడు మీలో ఒక్కడూ లేడా అని నిలదీశాడు. లోపల విచారణ జరపకుండా కోర్టుకు మాత్రం పోవద్దనడం అన్యాయం.

ఈ నేలమీద అన్నిటికన్నా లోతైన చీలిక కులం. 1866లో ఒంగోలు చేరిన అదే మిషను మిషనరీ జాన్ క్లౌకు ఆ పరీక్ష మొదట్లోనే ఎదురైంది. అప్పట్లో ఒంగోలు నెల్లూరు జిల్లాలోదే. మాదిగలను సంఘంలో చేర్చుకుంటే మేం రామని పైకులాలవాళ్లు తేల్చి చెప్పారు. వాళ్ల పిల్లలు బడి మానేశారు. క్లౌ మాదిగలనే చేర్చుకున్నాడు. 1878 జూలై 3న గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. ఆ మొదటి పరీక్షలోనే పైకులాలవాళ్ల కోసం మాదిగలను వాకిట్లో నిలబెట్టి ఉంటే, దాన్ని ఐక్యత అనడానికి నాకు నోరు రాదు.

తర్వాతి కాలంలో సువార్తికుడు భక్తసింగ్ తన పరిశుద్ధ సభాకూడికల్లో అందరినీ బారుగా నేలమీద కూర్చోబెట్టి ప్రేమవిందు పెట్టించారు. ఎవరి పక్కన కూర్చోవాలో ఎంచుకునే వీలుండదు. పక్కవాడి ఎంగిలికి, అంటుకు భయపడే ఊళ్లలో ఆ బంతి భోజనం చేసిన మేలు వంద ప్రసంగాలు చేయలేవు.

సాయంత్రం మందిరంలో సిమెంటు బిల్లులు, కానుకల పుస్తకం చాప మీద పరిచారు. డబ్బు ఎటూ పోలేదు. కూలీలకు ఇచ్చినదానికి రసీదులు లేవంతే. ఇకమీదట ప్రతి ఖర్చుకూ రెండు సంతకాలుండాలని, అందులో ఒకటి లెక్క అడిగిన పెద్దాయనదే కావాలని తీర్మానాల పుస్తకంలో రాశారు.