గవ్వల దేశంలో కాపురం

మా ఆవిడ లెక్కల టీచరు. నేను తెలుగు లెక్చరర్ని. ఈ రెండు చదువుల్లో దేనికి సముద్రాల అవతల గిరాకీ వుంటుందో పాఠకులకు వేరే చెప్పనక్కరలేదు. మాల్దీవుల్లో ప్రభుత్వ పాఠశాలలో ఆవిడకు వుద్యోగం ఖాయమయిందని కబురు రాగానే, నేను కాలేజీకి జీతంలేని సెలవు రాసిచ్చి, తొమ్మిదేళ్ళ అమ్మాయిని వెంటబెట్టుకుని, "టీచరమ్మగారి మొగుడు" అనే హోదాలో బయలుదేరాను. విదేశం చూడాలన్న సరదా అని బంధువులతో చెప్పాంగాని, అసలు కారణం ఇల్లు కట్టడానికి తెచ్చిన అప్పు.

పెట్టెలు సర్దేటప్పుడే మొదటి చిక్కు వచ్చింది. ఆ దేశపు రాజు 1153లో ఇస్లాం పుచ్చుకున్నాడు. 2008 నాటి రాజ్యాంగం ప్రకారం ముస్లిము కానివారికి అక్కడ పౌరసత్వమే లేదు. పూజకు వుపయోగించే విగ్రహాలు దేశంలోకి తేకూడదని కస్టమ్సువారి నిబంధన. మద్యమూ, పందిమాంసమూ వున్న జాబితాలోనే అదీ వుంది. మా ఆవిడ ఆ కాగితం రెండుసార్లు చదివి, తన ఇత్తడి బాలకృష్ణుణ్ణి తెనాలిలో వాళ్ళమ్మగారి చేతిలో పెట్టింది. "రెండేళ్ళు నీ దగ్గర వుంచుకోవే అమ్మా! వెన్న మాత్రం మరిచిపోకు" అని, చంటిపిల్లను వదిలి వెళ్ళేదానిలా గుమ్మం దాకా వెళ్ళి మళ్ళీ వెనక్కి వచ్చింది. ఆ నిబంధన నాకు న్యాయమనిపించలేదు, ఇప్పటికీ అనిపించదు. కాని వెళ్ళేది మరొకరింటికి. పోతే, ఇంట్లో తలుపు వేసుకుని ఎవరి దణ్ణం వారు పెట్టుకుంటే అడిగేవారు లేరు. ఇక్కడ మా వంటింటి అలమరలో సాయంత్రం పూట ఒక దీపం వెలుగుతుంది, అంతే.

దేశంలో ద్వీపాలు దాదాపు 1,190 వున్నా, జనం కాపురముండేవి రెండువందలకు లోపే. మాకు వచ్చిన దీవి చుట్టూ తీరిగ్గా నడిచి రావడానికి ఇరవై అయిదు నిమిషాలు పడుతుంది. వీధులన్నీ తెల్లటి పగడపు ఇసుక. బావినీళ్ళు ఉప్పన, తాగడానికి వాననీరు తొట్లలో పట్టుకుంటారు. శుక్ర శనివారాలు సెలవు, ఆదివారం బడి. మొదటి ఆదివారం పొద్దున్నే అమ్మాయి గంటసేపు ఏడ్చింది. ఇంటిముందర ఇనపచట్రానికి తాళ్ళు వల అల్లిన కుర్చీలు, చెట్టుకింద ఉయ్యాలబల్లలు. సాయంకాలం వూరంతా వాటిలోనే వుంటుంది. ఉయ్యాలబల్ల చూడగానే మా ఆవిడ ముఖం కాస్త తేటపడింది.

తిండి సంగతి మాత్రం చెప్పుకోవాలి. ఇక్కడ పొద్దున ఫలహారంలో చేప, మధ్యాహ్నం పులుసులో చేప, సాయంత్రం నూనెలో వేయించిన చిరుతిండిలోనూ చేపే. మేము శాకాహారులం. కూరలు రాజధాని మాలే నుంచి పడవమీద రావాలి. సముద్రం పోటుగా వుంటే పడవ రాదు, వంకాయా రాదు.

పక్కింటావిడ అరవై దాటిన మనిషి. ఇక్కడి భాషలో అక్కయ్యను "దత్త" అంటారు, మేమూ ఆవిణ్ణి అలాగే పిలుస్తాం. హిందీ సినిమాల పుణ్యమా అని ఆవిడకు కాస్త హిందీ వచ్చు. కార్తీక సోమవారం నాడు మధ్యాహ్నం ఆవిడ ఒక పళ్ళెం నిండా ఏదో పట్టుకుని వచ్చింది. మా ఆవిడ వుపవాసం. అది చెప్పేసరికి దత్త ఆశ్చర్యపోయి, "మీకూ వుందా? ఎప్పుడు తింటారు?" అని అడిగింది. నక్షత్రం కనిపించాక అని చెప్పాం. దత్త పళ్ళెం మూతపెట్టి తీసుకుపోయి, చీకటిపడ్డాక మళ్ళీ తెచ్చింది. తీరా చూస్తే అందులో చేప వుంది! ఆ మాట ఎలా చెప్పడమా అని మేమిద్దరం ఒకరి ముఖం ఒకరు చూసుకుంటుంటే మా అమ్మాయే చెప్పేసింది. దత్త ఏమీ అనకుండా వెళ్ళిపోయింది. ఆ రాత్రి మాకు నిద్రపట్టలేదు.

తరవాత రంజాను వచ్చింది. పగలు హోటళ్ళు మూత, బడి వేళలు కుదింపు. మేము కూడా బయట మంచినీళ్ళు ముట్టం. మొదటిరోజు సాయంత్రం ఉపవాసం విడిచే వేళకు దత్త మనవడు ఒక గిన్నె తెచ్చి, ఆగి ఆగి, నేర్చుకు వచ్చిన మాటలా, "నో ఫిష్, టీచర్" అన్నాడు. లోపల మునగాకు, కొబ్బరికోరు, ఉల్లిపాయ, పచ్చిమిరప, నిమ్మరసం, పక్కన రొట్టెలు. ఆషాఢంలో మునగాకు తినే ఇంటినుంచి వచ్చిన మనిషి మా ఆవిడ. ఆ గిన్నె ముందు కూర్చుని ఒక్క ముక్క మాట్లాడలేదు. ఆ నెల పొడుగునా మా గిన్నె వేరే వచ్చింది.

ఆ మనవడే మా అమ్మాయికి ఇక్కడి లిపి నేర్పుతున్నాడు. తానా అంటారు, కుడినుంచి ఎడమకు రాస్తారు. మొదటి తొమ్మిది అక్షరాలు అరబ్బీ అంకెలనుంచి పుట్టినవట. హల్లు పైనా కిందా గుర్తులు పెట్టి అచ్చు పలికిస్తారు, మన గుణింతం లాగే. వీరి "దోని" మన దోనెకు చుట్టమే, చేపను "మస్" అంటే నాకు మత్స్యం వినిపిస్తుంది. తెలుగు పంతులుకు ఇంతకంటే కాలక్షేపం ఏం కావాలి! అయితే అమ్మాయి తెలుగు మాత్రం నాకు బెంగే. బడిలో తెలుగు లేదు. రోజూ సాయంత్రం ఉయ్యాలబల్లమీద కూర్చోబెట్టి ఒక పేజీ చదివిస్తాను. "ఇక్కడ తెలుగు మనం ముగ్గురమేగా నాన్నా, ఎందుకు?" అంది ఒకనాడు. "అమ్మమ్మకు ఉత్తరం ఎవరు రాస్తారు?" అన్నాను. "ఫోను చేస్తాగా!" అంది. జవాబు ఇంకా వెతుకుతున్నాను.

ఇహ డబ్బు. జీతం రూఫియాల్లో ఇస్తారు. డాలరుకు ప్రభుత్వపు రేటు 15 రూఫియాల 42 లారీలు. ఆ రేటుకు డాలరు దొరికితేగా! దేశంలో డాలర్ల కరువు. నెలకు ఇంతకంటే పంపకూడదని బాంకువారి హద్దు. మిగతాది బయట ఎక్కువ ధరకు కొని పంపాలి. ఇంటిదగ్గర అప్పువాళ్ళేమో రూఫియాలు పుచ్చుకోరు. 1343లో ఈ దీవులకు వచ్చి ఖాజీగా పనిచేసిన ఇబన్ బతూతా, ఇక్కడి గవ్వలు బెంగాలుకు వెళ్ళి బియ్యంగా తిరిగివచ్చేవని రాశాడు. మనం "చేతిలో చిల్లిగవ్వ లేదు" అంటామే, ఆ గవ్వలకు పెద్ద పుట్టిల్లు ఈ సముద్రమే. ఆనాడు ఈ దేశపు డబ్బు బెంగాలులో చెల్లింది; ఈనాడు మా ఆవిడ జీతం సగం ఇక్కడే వుండిపోతోంది. అమ్మాయి మాత్రం ఒడ్డున ఏరి సీసా నింపుతోంది. మా కుటుంబంలో పొదుపు చేస్తున్నది అదొక్కతే!

ఒప్పందం ఇంకో ఏడాదికి పొడిగిస్తారా అని బడివారు కాగితం ఇచ్చారు. నా సెలవు పొడిగించడానికి కాలేజీవారు ఒప్పుకోవాలి. అప్పు సగమైనా తీరలేదు. అత్తగారు ఫోనులో బాలకృష్ణుణ్ణి చూపించి, "వీడు బాగానే వున్నాడు, మీ సంగతి చెప్పండి" అంటుంది. కాగితం అలమరలో దీపం పక్కన వుంది. మా ఆవిడ ఇంకా సంతకం పెట్టలేదు, చింపనూ లేదు. రేపటి పడవలో వంకాయలు వస్తున్నాయని కొట్టువాడు చెప్పాడు. దత్తకు గుత్తివంకాయ రుచి చూపిస్తానని మాట ఇచ్చింది, ముందు ఆ పని చూడాలి.