మావారు ఏకవచనమా, బహువచనమా?

ఇంగ్లీషు చెప్పడం నాకు చేతకాని విద్యల్లో ఒకటి. ఈ సంగతి నాకూ తెలుసు, మావారికీ తెలుసు. తెలియనిదల్లా మా ఇంట్లో పనిచేసే ఆవిడకే. పుస్తకాలు రాసే మనిషికి సమస్తం వచ్చేసి ఉంటుందని ఆవిడ నమ్మకం. "మా మనవరాలికి గురుకులం పరీచ్చంట అమ్మగోరూ, కాసింత ఇంగిలీసు చెప్పి పుణ్ణెం గట్టుకోండి" అంటూ ఒక సాయంత్రం పిల్లని తీసుకొచ్చి నా ముందు కూచోబెట్టింది.

పిల్లకి తొమ్మిదేళ్లు, నాలుగో తరగతి. తల్లీ తండ్రీ హైదరాబాదులో బిల్డింగు పనుల్లో ఉంటారు. ఇక్కడ గుంటూర్లో అమ్మమ్మ దగ్గర పెరుగుతోంది. గురుకులంలో అయిదో తరగతిలో సీటొస్తే తిండీ, బట్టా, పుస్తకాలూ అన్నీ అక్కడే. రాకపోతే ఏమవుతుందో ఆవిడ చెప్పలేదు. నేనూ అడగలేదు. అడక్కపోయినా తెలిసే సంగతులు కొన్ని ఉంటాయి కదా.

నేను చదివింది తెలుగు మీడియం. ఆ పైన బి.ఏ. వెలగబెట్టాను. ధైర్యం కోసం మా నాన్నగారి ట్రంకుపెట్టెలోంచి అట్ట ఊడిపోయిన రెన్ అండ్ మార్టిన్ గ్రామరు బయటికి తీశాను. మావారు పేపరు మీంచి చూసి, "నవలలు రాసేవాళ్లకి గ్రామరెందుకోయ్" అన్నారు. ఆ గ్రామరు రాసిన రెన్ దొరగారు మన దేశంలో విద్యాశాఖలో ఉద్యోగం చేస్తూనే కథలూ నవలలూ రాశారనీ, 1924లో ఆయన రాసిన 'బో జెస్ట్' అనే నవల సినిమాగా కూడా వచ్చిందనీ చెప్పాను. మావారు మళ్లీ పేపర్లోకి వెళ్లిపోయారు.

మొదటి పాఠం ఏకవచనం, బహువచనం. క్యాట్, క్యాట్స్. డాగ్, డాగ్స్. పావుగంటలో అయిపోయింది. ఇంత సులువా అని నాకే ఆశ్చర్యమేసింది. 1958లో అమెరికాలో జీన్ బెర్కో అనే ఆవిడ చిన్నపిల్లలకి ఒక పరీక్ష పెట్టింది. లోకంలో లేని ఒక పిట్టలాంటి బొమ్మ గీసి, దానికి 'వగ్' అని పేరు పెట్టి, 'ఇదొక వగ్, ఇప్పుడు రెండున్నాయి, ఏమంటారు?' అని అడిగితే పిల్లలు ఆలోచించకుండా 'వగ్స్' అన్నారట. అంతకు ముందు ఆ మాట వాళ్లు వినే అవకాశమే లేదు. పిల్లలు మాటల్ని బట్టీ పట్టరు, సూత్రాన్ని పట్టేస్తారన్నమాట. మా పిల్లా పట్టేసింది. పట్టేసి ఇక వదిలితేనా! మర్నాటికల్లా నోటుబుక్కు నిండా మేన్స్, ఫుట్స్, షీప్స్, చైల్డ్స్, మిల్క్స్.

"మిల్క్స్ అనకూడదమ్మా."

"ఎందుకని ఆంటీ? పాలు పొంగాయి అంటాంగా. పొంగింది అనంగా?"

ఏం చెప్పను! మనకి పాలూ నీళ్లూ ఎప్పుడూ బహువచనమే. గుక్కెడు తాగినా 'నీళ్లు తాగాను' అంటాం. దొరలకి సముద్రమంత ఉన్నా వాటరే. పోనీ అలా అని వాళ్లు ఏకవచనం మనుషులా అంటే అదీ కాదు. మన కత్తెర ఒకటే, వాళ్లకది సిజర్స్. నా ముక్కు మీదున్న కళ్లజోడు నాకొక్కటే, వాళ్లకి స్పెక్టకిల్స్. ఒక పాంటుని పట్టుకుని ట్రౌజర్స్ అంటారు. "రెండు కాళ్లుంటయ్యి గందా, అందుకేమో" అంది గుమ్మంలో చీపురు పట్టుకుని వింటున్న అమ్మమ్మ. నిజానికి అంతకంటే మంచి వివరణ నేనూ ఇవ్వలేను.

ఫుట్ బహువచనంలో ఫీట్ ఎందుకవుతుందని పిల్ల ఏడుపుమొహం పెట్టింది. ఈ ఇంగ్లీషువాళ్ల బుద్ధి ఇంతే అనబోయి ఆగాను. మనమేం తక్కువ తిన్నాం? రాయి రాళ్లవుతుంది. మరి నుయ్యి? నూతులు. గొయ్యి గోతులు, చెయ్యి చేతులు. పన్నూ పండూ రెండూ పళ్లే అయి కూచుంటాయి. వీటిల్లో ఒక్కటి కూడా ఆ పిల్లకి ఎవరూ నేర్పలేదు, ఒక్కటి కూడా తప్పు చెప్పలేదు. "చూశావా, ఇంత కష్టమైన భాష నీకు వచ్చేసింది, ఇదెంత?" అన్నాను. పిల్ల మొహం విప్పారింది. వ్యాకరణం వల్ల ఒక మనిషి మొహం అలా వెలగడం నా జన్మలో అదే చూడడం.

చైల్డ్స్ అని రాసినందుకు బళ్లో కొట్టివేత పడిందట. చిల్డ్రన్ అని రాయాలని చెప్పాను. మర్నాడు చిల్డ్రన్స్ అని రాసుకొచ్చింది. నవ్వాను గానీ, ఆలోచిస్తే ఇందులో పిల్ల తప్పు మరీ అంత లేదు. పూర్వం ఇంగ్లీషులో 'చిల్డర్' అన్నా పిల్లలనే అర్థం. అది చాలదన్నట్టు, ఆక్స్ ఆక్సెన్ అయినట్టుగా, దాని చివర ఇంకో బహువచనం తగిలించారు. అదీ చిల్డ్రన్ పుట్టుక. రెండుసార్లు వాళ్లు తగిలిస్తే మూడోసారి మా పిల్ల తగిలించింది, అంతే తేడా.

ఇలా నవ్వుకుంటూ నెల గడిచింది. ఒకరోజు, 'మీ ఇంట్లోవాళ్ల గురించి అయిదు వాక్యాలు రాయి' అని ఇచ్చి, వంటింట్లోకి వెళ్లి చారుకి పోపు పెట్టి వచ్చాను. గుండ్రటి అక్షరాలతో రాసి పెట్టింది. మొదటి వాక్యం, 'దిస్ ఈజ్ మై అమ్మమ్మ'. బాగుంది. రెండోది, 'ఇట్ ఈజ్ గుడ్'. మూడోది, 'ఇట్ వర్క్స్ ఇన్ ఆంటీ హౌస్'.

"ఇట్ కాదమ్మా, షీ. ఇట్ అంటే వస్తువులకీ, జంతువులకీ."

పిల్ల పెన్సిలు కొరుకుతూ, "ఇట్ అంటే అది కదా ఆంటీ?" అంది.

"అవును."

"మీరు ఫోన్లో అమ్మమ్మని అది అంటారుగా. అదింకా రాలేదు, అదొచ్చాక అంట్లు తోమిస్తా అని."

దాన్లో కోపం లేదు, నిష్ఠూరం లేదు. పాఠంలో సందేహం అడిగింది, అంతే. నేను మాత్రం పోపు మాడుతోందని చెప్పి వంటింట్లోకి వెళ్లాను. పోపు ఎప్పుడో అయిపోయింది.

పైన మొదటి పేరాలో 'ఆవిడ' అని రాశాను చూడండి, ఆ సాయంత్రానికి ముందైతే 'అది' అనే రాసేదాన్ని. నాకంటే పదేళ్లు పెద్ద మనిషి. మా అత్తగారు మంచాన పడ్డప్పుడు ఎత్తి దింపిన మనిషి. నా నవలల్లో ఆడవాళ్ల ఆత్మగౌరవం గురించి పేజీలకి పేజీలు రాశాను. పాఠకులు ఉత్తరాలు కూడా రాశారు.

ఆ రాత్రి బి.ఏ. నాటి బాలవ్యాకరణం తీశాను. ఆడవాళ్లనీ, పశుపక్ష్యాదుల్నీ, ప్రాణంలేనివాటినీ పక్కన పెట్టి మిగిలినవి మహత్తులన్నారు చిన్నయసూరి గారు. ఆయన్ననుకుని ఏం లాభం, ఉన్న భాషకి సూత్రం రాశారు. రాముడు వచ్చాడు. సీత వచ్చింది. ఆవు వచ్చింది. బస్సు వచ్చింది. సీతకీ, బస్సుకీ ఒకటే క్రియ. అదే నలుగురు కలిస్తే? ఆవులు వచ్చాయి, బస్సులు వచ్చాయి. ఆడవాళ్లు మాత్రం వచ్చారు! అంటే తెలుగులో ఆడది ఒక్కతే ఉన్నంతసేపూ బస్సు పక్కన నిలబడాలి, గుంపుగా వస్తేనే మగవాళ్లతో సమానం. డిగ్రీలో దీన్ని మూడుసార్లు చదివి, పరీక్షలో రాసి, మార్కులు తెచ్చుకున్నాను. ఒక్కసారీ తట్టలేదు.

మరి మగవాళ్లకో? మావారు ఒక్కరే. ఆయన్ని 'మావారు' అంటున్నాను, అది బహువచనం. పెళ్లయిన రోజునుంచీ ఒక్క మనిషిని పదిమందిని చేసి పిలుస్తున్నాను. ఆయన నన్ను 'ఏమోయ్' అంటారు. ఈ మాట చెబితే, "పోనీ నిన్నూ మీరు అనమంటావా?" అన్నారు నవ్వుతూ. వద్దన్నాను. ఎందుకు వద్దన్నానో ఇప్పటికీ సరిగ్గా చెప్పలేను.

ఇంగ్లీషువాళ్లకీ ఒకప్పుడు మనలాగే రెండుండేవి. దౌ అంటే నువ్వు, యూ అంటే మీరు. పదిహేడో శతాబ్దంలో క్వేకర్లనే మతంవాళ్లు, దేవుడి ముందు అందరూ సమానమే కదా అని, గొప్పవాళ్లని కూడా దౌ అనేసి చివాట్లు తిన్నారు. చివరికి దౌ అన్న మాటే వాడుకలోంచి తప్పుకుంది. బిచ్చగాడైనా, మహారాజైనా యూ. అందర్నీ కిందికి దించకుండా అందర్నీ బహువచనంలోకి ఎక్కించి కూచోబెట్టారన్నమాట. ఒక్క మనిషైనా 'యూ ఆర్' అనాలి, 'యూ ఈజ్' అనకూడదని నేర్పేటప్పుడు ఇదంతా పిల్లకి చెప్పాను. అది విని, సారీ, పిల్ల విని, "అయితే మీకూ అమ్మమ్మకీ ఒకటే మాటా ఆంటీ?" అని రెండుసార్లు అడిగింది.

మర్నాడు పొద్దున్నే తలుపు తీసి, గట్టిగా ఊపిరి పీల్చుకుని, "రండి, కాఫీ తాగుతారా?" అన్నాను.

ఆవిడ గడప దగ్గరే ఆగిపోయింది. వెనక ఎవరైనా ఉన్నారేమోనని తిరిగి చూసింది. తర్వాత మొహం పాలిపోయింది. "నేనేం తప్పు జేశానమ్మా? మీరు గీరు అంటన్నారేంది, నన్ను మానిపిత్తారా ఏంది?" అంది.

ఆవిడని సముదాయించేసరికి తలప్రాణం తోకకొచ్చింది. 'మీరు' అంటే ఆవిడకి పరాయితనం. నెలాఖర్న డబ్బులు చేతిలో పెట్టి రేపట్నుంచి రావద్దనే ఇళ్లలో వినపడే మాట. నాలుగు రోజులు నానా తంటాలూ పడి చివరికి 'అక్కా' అనడానికి ఒప్పుకుంది. అక్కా అని పిలిచినా, నా నోటివెంట 'నువ్వు' అనే వస్తోంది. అయితే అది ఇంట్లోవాళ్ల నువ్వా, పనివాళ్ల నువ్వా అనేది నాకే తేలలేదు. ఫోన్లో మాత్రం 'అది' అనడం మానేశాను. ఒకటి రెండుసార్లు జారింది. పిల్ల అక్కడే ఉంటే తలెత్తి చూసేది.

పిల్లకి సీటొచ్చింది. పరీక్షలో చైల్డ్ బహువచనం అడగనే లేదట, అదొక బాధ పిల్లకి. పెట్టె సర్దుకుని వెళ్లిన రోజున ఆవిడ పనిలోకి రాలేదు. మర్నాడొచ్చి, రోజూకంటే గట్టిగా గిన్నెలు తోమింది.

దసరా సెలవులకి పిల్ల తిరిగొచ్చింది. కొత్త రిబ్బన్లు, కొంచెం ఒళ్లు చేసింది. వస్తూనే నాకు, "హౌ ఆర్ యూ ఆంటీ?" అంది. వెంటనే పెరటి వైపు తిరిగి, అదే గొంతుతో, "హౌ ఆర్ యూ అమ్మమ్మా?" అంది.

ఆవిడ చేతులు తుడుచుకుంటూ వచ్చి నావంక చూసింది. "ఏమంటందమ్మా ఇది నన్ను?"

"మీరు ఎలా ఉన్నారని అడుగుతోంది అక్కా."

"మీరా?" అని ఆవిడ మనవరాలి నెత్తిమీద ఒక్కటి మొట్టి, కొంగు నోటికడ్డం పెట్టుకుని, ఎంతసేపు నవ్విందో.