వంద కాగితానికి రెండు టిక్కెట్లు

నూజివీడు రైల్వే స్టేషను నూజివీడులో లేదు, హనుమాన్ జంక్షన్‌లో ఉన్నది. బండి దిగి "ఊరు ఎటువైపండీ?" అని అడిగే కొత్తవారికి దారి చూపడం మా జంక్షన్ వాసులకు అలవాటే. అక్కడినుంచి ఇరవై కిలోమీటర్ల లోపు బస్సు ప్రయాణం. 1990ల మధ్యలో రెండేళ్ళపాటు ఆ దారిలో రోజూ తిరిగినవాడిని నేను. నాగార్జున విశ్వవిద్యాలయం వారి పీజీ సెంటరు అప్పట్లో నూజివీడులో ఉండేది (2008లో కృష్ణా విశ్వవిద్యాలయం ఏర్పడిన తరువాత అది వారి ఏలుబడిలోకి వెళ్ళింది). భౌతికశాస్త్రంలో ఎమ్మెస్సీ అక్కడే చదివాను.

ఆ సెంటరులో గాజు వండేవారు.

వండటం అన్న మాట తెలిసే వాడుతున్నాను. సీసపు ఆక్సైడు, బోరిక్ ఆమ్లం వంటి పొడులను తూకం వేసి, అగేటు కల్వంలో మెత్తగా నూరి, మూసలో పోసి, బుడగలు పోయేదాకా కొలిమిలో కరిగించి, ఆ ద్రవాన్ని ఇత్తడి అచ్చులో పోసేవారు. ఒక్కసారిగా చల్లారితే పగులుతుంది కనుక, మరో కొలిమిలో పెట్టి నెమ్మదిగా చల్లార్చేవారు. ఆ పొడులలో ఒక చిటికెడు, నూటికి ఒక పాలో అరపాలో, నియోడిమియం, ఎర్బియం, హోల్మియం, థూలియం వంటి విరళ మృత్తికా మూలకాల ఆక్సైడు కలిపేవారు. నియోడిమియం కలిసిన గాజు వంగపూవు రంగులో ఉంటుంది. ఎర్బియం గాజు లేత గులాబి, హోల్మియం గాజు పసుపు. థూలియం గాజుకు మాత్రం ఇంచుమించు రంగే ఉండదు. అందుకే విద్యార్థులలో ఎవరికీ దానిమీద మోజు ఉండేది కాదు.

ప్రొఫెసర్ ఎన్. వీరయ్య గారు, వారి శిష్యులు ఈ గాజుల వర్ణపటాలమీద అంతర్జాతీయ పత్రికలలో ఎన్నో వ్యాసాలు ప్రచురించారు. వాటి శీర్షికల కింద 'నూజివీడు, 521 201' అన్న చిరునామా అచ్చయ్యేది. మామిడిపండ్లకు తప్ప మరి దేనికీ పేరు లేదనుకున్న ఊరి పేరును అలా అచ్చులో చూడటం మా వంటివారికి ఒక చిన్న గర్వం. గాజు ఏ రంగులను మింగుతున్నదో కొలిచి, 1962లో జడ్, ఓఫెల్ట్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు విడివిడిగా ప్రతిపాదించిన సిద్ధాంతంతో లెక్కవేస్తే, గాజులోని అయాన్ ఉత్తేజిత స్థాయిలో ఎంతసేపు నిలవాలో తెలుస్తుంది. నిజంగా ఎంతసేపు నిలుస్తున్నదో ప్రయోగంలో కొలుస్తారు. ఈ రెండు అంకెలూ ఒకటి కావు. లెక్క చెప్పినంతసేపు అయాన్ నిలవదు. వెలుగుగా దిగవలసినది వేడిగా దిగిపోతుంది. ఆ తేడాయే మా చదువంతా. ఆ తేడా ఎవరికి కావాలి అని అప్పట్లో మాలో మేము నవ్వుకునేవాళ్ళం.

ఇక మా మేనమామ సంగతి. ఆయనకు 1993లో మూత్రపిండంలో రాయి వచ్చింది. వేసవిలో పొలంలో తిరిగేవారికి, తాగే నీటికన్నా కారిపోయే చెమట ఎక్కువైనవారికి ఈ జబ్బు కొత్తదేమీ కాదు. పక్కటెముకల కింద జానెడు కోత కోసి రాయి తీశారు. ఆ సంవత్సరం సార్వా నాట్లు ఆయన గట్టుమీద కుర్చీ వేసుకుని చూశారే తప్ప మడిలో కాలు పెట్టలేదు. ముప్పై ఏళ్ళ తరువాత, 2023లో, రెండవ రాయి వచ్చింది. విజయవాడలో ఒక ఆసుపత్రిలో, కోత లేకుండా, మూత్రమార్గం గుండా వెంట్రుకకన్నా కొద్దిగా లావైన గాజు తీగను పంపి, లేజరుతో రాయిని పిండి చేశారు. మరునాడు ఇంటికి వచ్చేశారు. ఆ యంత్రం పేరులో 'థూలియం' అన్న మాట చూసి నేను ఉలిక్కిపడ్డాను. మేము చిన్నచూపు చూసిన ఆ రంగులేని గాజు!

"కత్తి పెట్టకుండా రాయి ఎట్టా పగిలిందిరా అల్లుడూ?" అని మావయ్య అడిగారు. నాకు తెలిసిన పద్ధతిలో చెప్పాను. మిత్రులకూ అదే చెబుతాను.

రాయి చుట్టూ, రాతి సందులలో, నీరు ఉంటుంది. నీటికి కొన్ని తరంగదైర్ఘ్యాల వెలుగంటే ఎక్కువ ఆకలి. పరారుణంలో 1940 నానోమీటర్ల దగ్గర ఆ ఆకలి ఒక శిఖరానికి చేరుతుంది. థూలియం ఫైబర్ లేజరు వెలుగు సరిగ్గా అక్కడ పడుతుంది. అంతకుముందు రాజ్యమేలిన హోల్మియం లేజరు 2100 నానోమీటర్ల చుట్టుపక్కల వెలుగునిస్తుంది. దానితో పోలిస్తే థూలియం వెలుగును నీరు ఇంచుమించు నాలుగు రెట్లు గట్టిగా పట్టుకుంటుంది. పట్టుకున్న నీరు క్షణంలో ఆవిరై రాతిని చిట్లగొడుతుంది. వెలుగు దూరం పోదు కనుక పక్కనున్న కండకు హాని తక్కువ.

మరి అంత మంచిదైతే మొదటినుంచీ దీన్నే ఎందుకు వాడలేదు? పొడవైన తరంగదైర్ఘ్యంలో లేజరు చేయడం ఖరీదైన వ్యవహారం. ఆ ఖరీదు డబ్బులో కాదు, వేడిలో.

ఫైబర్ లేజరు అంటే విరళ మృత్తికా అయాన్లు కలిపిన సన్నని గాజు తీగ. ఇలియాస్ స్నిట్జర్ 1961లో దీనికి ఆద్యుడు. పొట్టి తరంగదైర్ఘ్యం గల వెలుగును డయోడ్లతో తీగలోకి పంపితే, పొడుగు తరంగదైర్ఘ్యం గల లేజరు వెలుగు బయటకు వస్తుంది. తరంగం పొడుగైనకొద్దీ ఒక్కొక్క ఫోటానులోని శక్తి తగ్గుతుంది. పంపిన ఫోటానుకు, వచ్చిన ఫోటానుకు నడుమ ఉన్న తేడా అంతా గాజును వేడెక్కిస్తుంది.

మా నూజివీడు బస్సు ఎక్కినవారికి ఇది సులభంగా అర్థమవుతుంది. మీరు కండక్టరుకు వంద కాగితం ఇచ్చారు. ఆయన దగ్గర చిల్లర లేదు, ఇవ్వడు కూడా. టిక్కెట్టు తొంభై ఒక్క రూపాయలనుకోండి, పోయింది తొమ్మిది. బాధ లేదు. ఇది ఇటెర్బియం కథ. 976 నానోమీటర్ల వెలుగు పంపితే 1070 దగ్గర లేజరు వస్తుంది, అంటే నూటికి తొంభై ఒకటి. ఇనుప రేకులు కోసే యంత్రాలలోనూ, నగలమీద హాల్‌మార్కు ముద్ర చెక్కే యంత్రాలలోనూ ఇటెర్బియం ఫైబర్లు అంత హాయిగా పనిచేయడానికి ఇదొక ముఖ్య కారణం. థూలియానికి 790 నానోమీటర్ల వెలుగు పంపాలి, వచ్చేది 1950 దగ్గర. భాగహారం చేసి చూడండి. టిక్కెట్టు నలభై రూపాయలు, కండక్టరు సంచిలో పడేది అరవై. వంద వాట్లు పోస్తే అరవై వాట్లు వెంట్రుకవంటి గాజు తీగను కాలుస్తాయి. థూలియం ఫైబర్ లేజరు 1988లోనే ఇంగ్లండులోని సౌతాంప్టన్‌లో వెలిగినా, చాలాకాలం ప్రయోగశాల దాటకపోవడంలో ఆశ్చర్యం లేదు.

అయితే మన బస్సులలో ఇంకొక ఆచారం ఉన్నది. చిల్లర లేనప్పుడు కండక్టరు ఇద్దరు ప్రయాణికులను జతచేసి, ఒకే కాగితం చేతిలో పెట్టి "మీరిద్దరూ పంచుకోండి" అంటాడు. థూలియం అయాన్లు అదే పని చేస్తాయి! వెలుగును మింగి పైస్థాయికి వెళ్ళిన అయాన్ ఒకటి, పక్కనే భూస్థాయిలో ఖాళీగా కూర్చున్న మరో అయాన్‌కు తన శక్తిలో ఇంచుమించు సగం ఇచ్చేస్తుంది. తాను సగం దిగుతుంది, అది సగం ఎక్కుతుంది. ఇప్పుడు లేజరు వెలుగు ఇవ్వడానికి కావలసిన మెట్టుమీద ఇద్దరున్నారు. వంద కాగితానికి రెండు నలభై రూపాయల టిక్కెట్లు. పోయింది ఇరవై మాత్రమే. దీన్ని క్రాస్ రిలాక్సేషన్ అంటారు. నలభై శాతం దాటడానికి వీల్లేదనుకున్న చోట, మంచి ఫైబర్లు అరవై శాతం దాటాయి. 2010 నాటికి ఒక థూలియం ఫైబరునుంచి కిలోవాటు వెలుగు తీయగలిగారు.

ఇందులో చిక్కు ఏమిటంటే, పంచుకోవాలంటే పక్కన మనిషి ఉండాలి. గాజులో థూలియం పలుచగా ఉంటే ఎవరి వంద కాగితం వారిదే. కనుక చిక్కగా కలపాలి. చిక్కగా కలిపితే మరో కష్టం. ఇది వరి నాటే ప్రతి కూలికీ తెలిసిన లెక్కే. కుదుళ్ళు దూరమైతే చేను పలుచన, ఒకచోట గుబురైతే దుబ్బు కట్టదు. సిలికా గాజు ఈ పెద్ద అయాన్లను ఇష్టపడదు, అవి ఒకచోట గుంపు కడతాయి. గుంపులో ఉత్తేజితమైన ఇద్దరు పక్కపక్కన పడ్డారంటే పంపకం తిరగబడుతుంది. ఒకడు తనదంతా రెండవవాడికి ఇచ్చి కిందికి దిగిపోతాడు, రెండవవాడు అవసరానికి మించి పైకెక్కి, దిగేటప్పుడు ఆ శక్తిని వేడిగా పారబోస్తాడు. దీనికి విరుగుడు అల్యూమినియం ఆక్సైడు. అది కలిస్తే అయాన్లు విడివిడిగా సర్దుకుంటాయి. బరువులో నూటికి మూడునుంచి ఐదు పాళ్ళ థూలియం, దానికి తోడు తగినంత అల్యూమినా. ఈ వంటపాకం కుదరడానికి పలు దేశాలలో ఏళ్ళు పట్టింది. మన దేశంలో కోల్‌కతాలోని కేంద్రీయ గాజు, పింగాణీ పరిశోధనా సంస్థ ఇటువంటి విరళ మృత్తికా ఫైబర్లను తయారు చేస్తున్నది.

ఇక్కడే మా నూజివీడు గాజులను గురించి నిజం చెప్పాలి. అవి ఈ పనికి రావు. గాజులోని అణువులు నిత్యం కంపిస్తూ ఉంటాయి. అయాన్ ఒక స్థాయినుంచి దిగేటప్పుడు ఆ కంపనాల మెట్లమీదుగా, వెలుగు లేకుండా, గప్‌చిప్‌గా దిగిపోగలదు. మెట్లు ఎంత ఎత్తైనవైతే అంత తక్కువ అంగలలో దిగిపోతుంది. థూలియం చివరి అంతరం తరంగసంఖ్యలలో 5500 పైచిలుకు. బోరేటు గాజులో ఒక్కొక్క మెట్టు 1400 వరకు ఉంటుంది, నాలుగు అంగలలో కింద ఉంటుంది. సిలికాలో 1100, అయిదు అంగలు. ఫ్లోరైడు గాజులలో 600 కన్నా తక్కువ, తొమ్మిది పది అంగలు. అంగలు పెరిగినకొద్దీ ఆ దొంగదారి విపరీతంగా కష్టమవుతుంది, వెలుగుదారి గెలుస్తుంది. మేము లెక్కకూ కొలతకూ నడుమ చూసి నవ్వుకున్న తేడా ఇదే. దానిలో పెద్ద పాలు ఈ మెట్లది. మరికొంత పాలు తేమది. గాజులో చిక్కిన హైడ్రాక్సిల్ జంటల కంపనం ఇంకా ఎత్తైనది, 3500 దగ్గర. శ్రావణమాసంలో మా డెల్టా గాలికి తూకపు పళ్ళెంలోనే చెమ్మగిల్లే పొడులతో గాజు వండినవారికి తేమ అంటే ఏమిటో ఒకరు చెప్పనక్కరలేదు.

ఆ గాజులు ఏ లేజరూ కాలేదు గనుక ఆ శ్రమ వృథా అనేవారితో నేను ఏకీభవించను. ఏ మూలకానికి ఏ గాజు ఇల్లు సరిపడదో తెలియడం కూడా తెలియడమే. వందల గాజులలో ఈ అంకెలు కొలిచి పట్టికలుగా పెట్టినవారు ప్రపంచమంతటా ఉన్నారు. కొందరు మా బస్సు దారిలోనే ఉండేవారు.

తరంగదైర్ఘ్యం ఇంకా పెంచితే కథ మరీ రసవత్తరంగా ఉంటుంది. సుమారు 2200 నానోమీటర్లు దాటితే సిలికా తానే వెలుగును మింగడం మొదలుపెడుతుంది. ఎర్బియంతో 2800 దగ్గర లేజరు కావాలంటే, 1974లో ఫ్రాన్సులోని రెన్ విశ్వవిద్యాలయంలో పుట్టిన ఫ్లోరైడు గాజు వంటిదే దిక్కు. అది పెళుసు, నీరు తగిలితే పాడవుతుంది. టిక్కెట్టు ధర వందకు ముప్పై అయిదే. పైగా ఎర్బియంలో లేజరు మెట్టు దిగిన అయాన్లు కిందిమెట్టుమీద పైమెట్టుకన్నా ఎక్కువసేపు కూర్చుంటాయి. ఫుట్‌బోర్డుమీద నిలబడి దిగనివారివల్ల బస్సంతా ఆగిపోయినట్టు. కెనడాలోని లవాల్ విశ్వవిద్యాలయం వారు 2017లో దీన్ని తెలివిగా దాటారు. అదే తీగలో 1600 నానోమీటర్ల లేజరును కూడా వెలిగించి, కిందిమెట్టుమీద తిష్ఠ వేసిన అయాన్లలో కొన్నింటిని ఆ వెలుగుతోనే మళ్ళీ పైకి ఎక్కించారు. ఒకే టిక్కెట్టుతో రెండవసారి ప్రయాణం! ముప్పై అయిదు శాతం హద్దు ఉన్నచోట యాభై శాతం సాధించారు.

ఇదంతా మావయ్యకు చెప్పలేదు, రెండు టిక్కెట్లదాకా చెప్పి ఊరుకున్నాను. ఆయనకు ఈ దక్షత ఎందుకు అవసరమో మాత్రం చెప్పాను. పాత హోల్మియం యంత్రం మెరుపు దీపాలతో పనిచేస్తుంది. గోడనుంచి తీసుకున్న కరెంటులో ఒకటి రెండు శాతమే వెలుగవుతుంది. మిగిలినదాన్ని చల్లార్చడానికి నీళ్ళు తిరగాలి, పెద్ద యంత్రాలకు ప్రత్యేకంగా లైను వేయాలి. థూలియం యంత్రంలో డయోడ్లు సగం దాకా మింగినా, తీగలో, దారిలో మరికొంత పోయినా, పన్నెండు శాతం దాకా వెలుగుగా దక్కుతుంది. మామూలు ప్లగ్గుకు తగిలిస్తే చాలు. ఇటువంటిది విజయవాడకే కాదు, కరెంటు ఎప్పుడు పోతుందో తెలియని చిన్న ఊరి ఆసుపత్రికి కూడా రాగలదు.

మావయ్య అంతా విని, చేతివేళ్ళమీద ఏదో లెక్క వేసుకున్నారు. వ్యవసాయంలో అరవై ఏళ్ళు అప్పులు, వడ్డీలు చూసిన మనిషి.

"నలభై, నలభై, ఎనభై. మరి ఆ ఇరవై ఏమైందిరా?"

"ఆ యంత్రం వెనక ఫ్యాను తిరుగుతుంటుంది చూడు మావయ్యా, అది ఆ ఇరవైని బయటకు ఊదుతుంటుంది."