ఇరవై మీటర్ల ఇరుగుపొరుగు

హైదరాబాదులో మాదాపూర్, గచ్చిబౌలి వైపు అద్దాల మేడల్లో కోవర్కింగ్ స్పేస్, అంటే రకరకాల కంపెనీలు కుర్చీలు అద్దెకు తీసుకుని పనిచేసే చోటు, చూపించడానికి ఒక తంతు ఉంది. వెళ్ళగానే కాఫీ ఇస్తారు. ఆ తరువాత బీన్ బ్యాగులు, టేబుల్ టెన్నిస్ బల్ల, గోడ మీద నియాన్ దీపాలతో రాసిన ఇంగ్లీషు ఉత్సాహవచనం, ఫోను మాట్లాడుకునే గాజు గూళ్ళు వరసగా చూపిస్తారు. చివర్న, పార్కింగుతో పాటు అదీ ఒక సౌకర్యమైనట్టు, "కమ్యూనిటీ కూడా ఉందండీ" అంటారు. టేబుల్ టెన్నిస్ ఆడి పైకొచ్చిన కంపెనీని నేనింకా చూడలేదు. కమ్యూనిటీ సంగతి మాత్రం వేరు. అది ఉన్నచోట చూపించడానికేమీ ఉండదు, లేనిచోట గోడల నిండా దాని పేరే ఉంటుంది.

నాది రాతపని, అనువాదాల పని. ఇంట్లో కుక్కరు కూతలకీ కొరియరు వాళ్ళ పిలుపులకీ తట్టుకోలేక అలాంటిచోట ఒక కుర్చీ అద్దెకు తీసుకున్నాను. పక్క బల్ల దగ్గర ఇద్దరు భీమవరం కుర్రాళ్ళు ఉండేవారు. రొయ్యల చెరువులో ప్రాణవాయువు ఎంతుందో కొలిచే పరికరం, దానికో యాప్, అదీ వాళ్ళ కంపెనీ. రొయ్యల రైతుకి తెల్లవారుజాము గండం. పగలు ఎండలో నాచు ప్రాణవాయువు విడుస్తుంది, రాత్రి తనే పీల్చుకుంటుంది. తెల్లారేలోపు నీళ్ళలో కరిగిన ప్రాణవాయువు, అదే 'డీవో', అడుగంటుతుంది. ఆ వేళకి నీళ్ళలో గాలి కలిపే ఏరియేటర్లు తిరగకపోతే పెట్టుబడంతా నీళ్ళపాలే. కుర్రాళ్ళ పరికరం బాగానే పనిచేసేది, సరిగ్గా గండం వేళకే హెచ్చరిక పంపేది. కానీ రైతు దాన్ని పొద్దున్నే లేచి, కాఫీ తాగుతూ చూసేవాడు.

నోటిఫికేషన్ మోత పెంచారు, రంగు ఎరుపు చేశారు, అక్షరాలు పెద్దవి చేశారు. ఆ చర్చలన్నీ నాకూ వినబడేవి. నాకే కాదు, వెనక బల్ల ఆయనకీ వినబడేవి. ఆయనది వరంగల్. బడులకు ఆటోమేటిక్ ఫోన్ కాల్స్ పంపే వ్యాపారం. మీ అబ్బాయి ఈ రోజు బడికి రాలేదు, ఫీజుకి రేపే ఆఖరు అని తల్లిదండ్రులకు ఫోన్లో వినిపించే గొంతు ఆయన సర్వర్లోదే. టీ గ్లాసు పట్టుకుని వచ్చి నిలబడ్డాడు.

"తెల్లారగట్ల మూడింటికి నోటిఫికేషన్ ఎవరు సూస్తరు తమ్మీ? ఫోన్ కొట్టుండ్రి. ఎత్తేదాక కొట్టుండ్రి."

"రైతు ఫోను సైలెంట్‌లో పెట్టుకుంటున్నారండీ," అన్నాడు పెద్దవాడు.

"రైతుకెందుకు? రాత్రి చెరువు కాడ పండేది ఎవరు?"

ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. చెరువు గట్టున పాకలో పడుకునేది కాపలా మనిషి. ఏరియేటర్ స్విచ్చి వేసేదీ అతనే. అతని దగ్గరుండేది బటన్ల ఫోను, అందులో యాప్ ఎక్కదు. అందుకే వీళ్ళ లెక్కలో అతను లేడు. ఫోన్ కాల్ అయితే బటన్ల ఫోనుకీ వెళుతుంది. కాపలా మనిషి ఎత్తకపోతే రైతుకి, రైతూ ఎత్తకపోతే ఇంకొకరికి మోగేలా ఏర్పాటు చేసుకున్నారు. కంపెనీ నిలబడింది అక్కడే అని నా అభిప్రాయం. ఆ కుర్రాళ్ళు ఒప్పుకోరు, సెన్సరు వల్లే అంటారు. ఇంజనీర్లు కదా.

వరంగల్ ఆయన చెప్పినదాంట్లో గొప్ప రహస్యమేమీ లేదు. ఆయన వ్యాపారంలో అది ఓనమాలు. తోడు పెట్టడానికి పొరుగింటావిడ చెంచాడు మజ్జిగ ఇస్తే ఆవిడ కుండలో వెలితి కనబడదు, ఇవతలింట గిన్నెడు పాలు పెరుగవుతాయి. కోవర్కింగ్ చోట్ల జరిగే మేలు చాలామటుకు ఈ రకానిదే. పెట్టుబడిదారులతో పరిచయ సభలు, విజిటింగ్ కార్డులు మార్చుకునే శుక్రవారం సాయంత్రాలు, సమోసాలతో ముగిసే మెంటర్ ఉపన్యాసాలు, వీటి ఫోటోలు బాగా వస్తాయి. పని మాత్రం టీ మెషీను దగ్గర, పక్కవాడి గొణుగుడు చెవినపడినప్పుడు జరుగుతుంది.

దీన్ని కొలిచినవాళ్ళున్నారు. మరియా రోష్, అలెగ్జాండర్ ఓట్ల్, క్రిస్టియన్ కటాలినీ అనే ముగ్గురు పరిశోధకులు అమెరికాలో ఒక పెద్ద కోవర్కింగ్ కేంద్రాన్ని తీసుకుని, అందులోని 251 స్టార్టప్‌లను పరిశీలించారు. అక్కడ ఎవరికి ఏ గది వస్తుందన్నది వాళ్ళు కోరుకుంటే వచ్చేది కాదు. కాబట్టి స్నేహితులు పక్కపక్కన చేరారనడానికి వీల్లేదు. ఒక కంపెనీ వాడుతున్న వెబ్ సాంకేతికతను పొరుగు కంపెనీ అందిపుచ్చుకుంటోందా అని చూశారు. దగ్గరున్నవాళ్ళు అందిపుచ్చుకున్నారు. 20 మీటర్లు దాటితే ఆ ప్రభావం జాడ లేదు. ఒకే కప్పు కింద, ఒకే వైఫై మీద ఉన్నా వరండా అవతలివాడు పొరుగూరివాడే! నాకు ఇంకా నచ్చింది మరొకటి. ఒకేలాంటి పని చేసేవాళ్ళ మధ్య కన్నా, వేరువేరు పనుల వాళ్ళు మాటామంతీ కలుపుకున్నచోటే ఇచ్చిపుచ్చుకోవడం ఎక్కువట. మాటలే లేకపోతే ఎంతమంది రకరకాల వాళ్ళు చుట్టూ ఉన్నా ఫలితం లేదట.

ఇది నమ్మడానికి నాకు పరిశోధనే అక్కర్లేదు. మా అంతస్తులో ఒకే రకం పేమెంట్ యాప్ చేస్తున్న రెండు కంపెనీలుండేవి. రెండు జట్ల వాళ్ళూ లిఫ్టులో కూడా మాట్లాడుకునేవారు కాదు. ఒకరి డెవలపర్‌ని ఇంకొకరు లాక్కున్నాక గాజు తలుపులకు లోపలినుంచి కాగితాలు కూడా అంటించుకున్నారు. అందుకే వ్యవసాయ స్టార్టప్‌లన్నీ ఒక అంతస్తులో, ఆర్థిక స్టార్టప్‌లన్నీ ఇంకో అంతస్తులో అని వర్గీకరించి కూర్చోబెట్టేవాళ్ళని చూస్తే జాలేస్తుంది. చూడ్డానికి పద్ధతిగా ఉంటుంది, అంతే.

కుర్రాళ్ళకి పొరుగు నుంచి అందినవి ఇంకా ఉన్నాయి. నీళ్ళు చొరబడని పెట్టె కావాలని సతమతమవుతుంటే, రాయదుర్గంలో స్టార్టప్‌ల కేంద్రం టీ-హబ్ పక్కనే 2023 మార్చిలో తెరిచిన టీ-వర్క్స్‌లో నమూనాలు చేసుకునే యంత్రాలున్నాయని ఎవరో చెప్పారు. ఇంకోటి డబ్బు సంగతి. పెద్ద మేతల కంపెనీ ఒకటి వీళ్ళ పరికరాలు తీసుకుని బిల్లు చెల్లించకుండా నెలలు సాగదీసింది. అడిగితే అకౌంట్స్‌లో ఉందండీ అనే జవాబు. అమెరికా ఆసుపత్రుల బిల్లింగ్ చేసే కంపెనీలో ఒకావిడ, వెనకటికి ఆడిటర్ దగ్గర పనిచేసినావిడ, భోజనాల దగ్గర ఇది విని, "బాబూ, ఉద్యమ్ రిజిస్ట్రేషన్ ఉందా మీకు?" అని అడిగారు. ప్రభుత్వం వారి ఉద్యమ్‌లో నమోదైన సూక్ష్మ, చిన్న సంస్థల దగ్గర సరుకో సేవో కొన్నవాళ్ళు, రాతపూర్వక ఒప్పందం ఉన్నా సరే 45 రోజుల్లోపు చెల్లించాలని 2006 నాటి ఎంఎస్ఎంఈ చట్టం చెబుతుంది. ఒప్పందమే లేకపోతే గడువు 15 రోజులే. ఆ గడువు దాటితే, డబ్బు చేతికిచ్చిన ఏడాది దాకా ఆ ఖర్చును ఆదాయపు పన్ను లెక్కలో చూపుకోవడానికి వీల్లేదని 2023 బడ్జెట్టులో ఇంకో మెలిక పెట్టారు. ఈ రెండోదానికే పెద్ద కంపెనీల అకౌంట్స్ వాళ్ళు కదులుతారు. అప్పటిదాకా రిజిస్ట్రేషన్ లేదు కాబట్టి ఆ పాత బిల్లుకి ఇది పనికిరాలేదు, దానికి తిరగాల్సిన తిరుగుళ్ళు తిరిగారు. తరువాతి బిల్లు మీద ఉద్యమ్ నంబరు వేసి పంపారు. ఈ ముక్క ఏ మెంటరూ చెప్పడు. ఆయన మాట్లాడే స్థాయిలో బిల్లులు ఉండవు.

కోవర్కింగ్ అనే ఈ వ్యవస్థ పుట్టుక చాలా చిన్నది. 2005లో శాన్‌ఫ్రాన్సిస్కోలో బ్రాడ్ న్యూబర్గ్ అనే ప్రోగ్రామర్, ఉద్యోగంలో స్వేచ్ఛ లేదు, ఇంట్లో పనిచేస్తే తోడు లేదు అని విసిగి, స్పైరల్ మ్యూజ్ అనే ఒక మహిళల కేంద్రంలో వారానికి రెండు రోజులకు చోటు అద్దెకు తీసుకుని, మడత బల్లలు వేసి కూర్చున్నాడు. మొదటి నెల ఒక్కరూ రాలేదట. తరువాత 2010లో వీవర్క్ అనే కంపెనీ వచ్చింది, 2019 నాటికి దాని విలువ 4,700 కోట్ల డాలర్లన్నారు, 2023 నవంబరులో దివాలా పిటిషన్ వేసింది. కుర్చీలు అద్దెకివ్వడాన్ని ప్రపంచోద్ధరణగా అమ్మబోయారు. కుర్చీ అద్దె మాత్రం న్యాయమైన వ్యాపారమే. కొత్త కంపెనీకి నెలల తరబడి అద్దె అడ్వాన్సు, ఏళ్ళ ఒప్పందం, ఏసీలు, జనరేటరు భరించే శక్తి ఉండదు.

ఇన్‌స్టాగ్రామ్ పేరు కూడా కోవర్కింగ్ ప్రచారంలో తరచు వినబడుతుంది. అది శాన్‌ఫ్రాన్సిస్కో రేవులో పియర్ 38 అనే పాత షెడ్డులో, డాగ్‌ప్యాచ్ ల్యాబ్స్ వారి ఉమ్మడి బల్లల దగ్గర తయారైన మాట నిజం. 2010 అక్టోబరు 6న విడుదలై, మొదటి రోజే 25,000 మందిని చేర్చుకుంది. ఆ షెడ్డునేమో మరుసటి ఏడాది భద్రతా నిబంధనలకు సరిపోదని ఖాళీ చేయించారు. అవే బల్లల దగ్గర కూర్చుని ఏమీ కాకుండా పోయినవాళ్ళ లెక్క ఏ కరపత్రంలోనూ ఉండదు.

మా చోట ఒకరి మాట ఇంకొకరికి కలిపే మనిషి ఒకమ్మాయి ఉండేది. ఉద్యోగం పేరు కమ్యూనిటీ మేనేజర్. నా అంచనాలో ఆ మేడ మొత్తానికీ అంతకన్నా విలువైన ఉద్యోగం లేదు, జీతం మాత్రం రిసెప్షన్ జీతమే. "అన్నా, మీకు లాయర్ కావాలన్నరు గదా, మూడో క్యాబిన్ల మేడం వాళ్ళ తమ్ముడు లాయరే" అని నడుస్తూ నడుస్తూ ఎవరికో చెప్పిపోయేది. ఎవరి డబ్బు ఎక్కడ ఆగింది, ఎవరు ఎవరితో మాట్లాడటం లేదు, ఎవరి టెస్టింగుకి నలుగురు మనుషులు కావాలి, అన్నీ ఆమె నాలుక మీదే. తరువాత యాజమాన్యం ఖర్చు తగ్గించి ఆమె స్థానంలో ఒక యాప్ పెట్టింది. సభ్యులందరి వివరాలూ అందులో ఉన్నాయి. నేను తెరిచి చూసినప్పుడల్లా సమావేశపు గది బుకింగులే కనబడ్డాయి.

భీమవరం కుర్రాళ్ళు ఎక్కువ కాలం అక్కడ లేరు. మనుషులు పెరిగేకొద్దీ కుర్చీకింత అని కట్టడం సొంత ఆఫీసు అద్దెను మించిపోయింది. అయినా రొయ్యల చెరువులు గచ్చిబౌలిలో లేవు. ఆంధ్రలోనూ 2025 ఆగస్టులో మంగళగిరిలో రతన్ టాటా ఇన్నోవేషన్ హబ్ తెరిచారు, రాజమహేంద్రవరంలో దాని శాఖ కూడా ఉంది. వీళ్ళు మాత్రం నేరుగా భీమవరం వెళ్ళి, ఒక మేతల దుకాణం మీద గది తీసుకున్నారు. కింద రైతులు బస్తాల కోసం వస్తారు, పైకెక్కి తిడతారు. అదే మంచి పొరుగు అన్నాడు చిన్నవాడు ఫోనులో. చెరువులు పెరిగేకొద్దీ వరంగల్ ఆయనకు కాల్స్ బిల్లు నెలనెలా కడుతున్నారు, పెరిగిందని నసుగుతూ.

మా ఆడపడుచు కొడుకు ఏదో కంపెనీ పెడుతున్నాడట, ఎక్కడ కుర్చీ తీసుకోమంటావత్తా అని మొన్న అడిగాడు. చూపించడానికి వాళ్ళు రమ్మన్న వేళకి కాకుండా మధ్యాహ్నం ఒంటిగంటకి వెళ్ళమన్నాను. అందరూ చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని ఎవరి డబ్బా వాళ్ళు తింటుంటే అద్దె ఎంత తక్కువైనా తిరిగొచ్చేయమన్నాను. నెట్ స్పీడెంత అని అడిగాడు. అదీ చూడమన్నాను.