మన కుళాయి నీళ్లూ, నల్లమల చెంచులూ

అబిడ్స్‌లో చీరలు చూసుకుని నాంపల్లి వైపు వస్తుంటే, పబ్లిక్ గార్డెన్స్ పక్కనే ఉన్న అసెంబ్లీని మీరూ చూసే ఉంటారు. లోపల మాటలతో మనకేం పని అనుకుంటూ దాటిపోతాం. కానీ 2019 సెప్టెంబరు 16న అక్కడ చేసిన తీర్మానం అచ్చంగా మన వంటింటిదే సుమండీ!

నల్లమలలో, అమ్రాబాద్ పులుల అడవిలో, 83 చదరపు కిలోమీటర్ల మేర యురేనియం కోసం బోర్లు వేసి వెతకాలన్నారు. తేనె, దుంపలు, అడవి కాయలు నమ్ముకుని తరతరాలుగా అక్కడే బతికే చెంచులు ససేమిరా అన్నారు. వాగులో విషం కలిస్తే మేమేం తాగాలి, మా మేకలేం తాగాలి అన్నది వాళ్ల ప్రశ్న. చుట్టుపక్కల ఊళ్లవాళ్లూ కలిశారు. బందులు, ధర్నాలు జరిగాయి.

ఆ వాగులు చేరేది కృష్ణలోకే. సాగర్ నుంచి ఆ కృష్ణ నీళ్లే మన నగరానికి వస్తాయి. పొద్దున్నే బిందె పట్టేటప్పుడు ఈ సంగతి మనలో ఎందరికి తోస్తుంది చెప్పండి? మన నీళ్ల కోసం కూడా వాళ్లే రోడ్డెక్కారు!

చివరికి అసెంబ్లీ ఏకగ్రీవంగా, నల్లమలలో తవ్వకాలు వద్దని కేంద్రాన్ని కోరింది.

"అయితే గెలిచినట్టేగా వదినగారూ?" అంది మా పక్కింటావిడ. తీర్మానం చట్టం కాదు, యురేనియం మీద ఆఖరి మాట ఢిల్లీదేనని చెప్పాను.