తండ్రి చేతి వారంటు

అమెరికా వెళ్లినవాళ్లు నయాగరా చూసి వస్తారు. మేము పోలీసుల మ్యూజియం చూసి వచ్చామంటే ఇరుగుపొరుగువారు నవ్వుతున్నారు. తప్పు నాది కాదు సుమండీ, మా మనవడిది. వాడికి ఎనిమిదేళ్లు. గుర్రాలూ, తుపాకులూ అంటే ప్రాణం. వాడి పోరు పడలేక మా అబ్బాయి డాలస్‌లో తెల్లవారుజామున కారు తీసి, మమ్మల్నందరినీ అర్కాన్సా రాష్ట్రంలోని ఫోర్ట్ స్మిత్‌కు చేర్చాడు.

ఊళ్లో పాత కోర్టు ఉంది. జడ్జి పార్కర్ 1875 నుంచి 1896 దాకా అక్కడ 160 మందికి ఉరిశిక్ష వేశాడు. వారిలో 79 మందిని ఉరితీశారు. అప్పటి ఉరికంబాన్ని చూపరుల కోసం మళ్లీ కట్టి నిలబెట్టారు. మా ఆవిడ అటు రానంది. కారులోనే కూర్చుని రామనామం చేసుకుంది.

అక్కడినుంచి నది ఒడ్డున, నక్షత్రం ఆకారంలో కట్టిన మార్షళ్ల మ్యూజియానికి వెళ్లాం. దాన్ని 2023లో తెరిచారట. ఆ రోజుల్లో ఊరికి పడమట ఆదివాసుల ప్రాంతం. ఇప్పుడది ఓక్లహోమాలో కలిసింది. ఎక్కడెక్కడి దొంగలూ, హంతకులూ అక్కడికి పోయి దాగేవారు. వారిని పట్టి తేవడం డిప్యూటీ మార్షళ్ల పని. నెలజీతమంటూ లేదు. పట్టి తెచ్చిన మనిషికింత, తిరిగిన మైలుకింత.

వారిలో బాస్ రీవ్స్ అనే నల్లజాతి మనిషి ఉన్నాడు. 1838లో బానిసగా పుట్టాడు. అక్షరం ముక్క రాదు. వారంటును ఎవరిచేతనో చదివించుకుని, కంఠతా పట్టి గుర్రమెక్కేవాడు. మూడువేలమందిని పట్టుకున్నాడంటారు.

1902లో ఆయన కొడుకు బెన్నీ కట్టుకున్న భార్యను చంపాడు. ఆ వారంటు పుచ్చుకోవడానికి తోటివారు వెనకాడితే, తండ్రే అడిగి తీసుకుని వెళ్లి కొడుకును తెచ్చి అప్పగించాడని చెబుతారు. యావజ్జీవ శిక్ష పడింది. కొడుకు బయటికొచ్చింది 1914లో. తండ్రి 1910లోనే పోయాడు.

నేను ఇదంతా తెలుగులో చెబుతూంటే మనవడు నా చెయ్యి పట్టుకుని, "తాతయ్యా, నువ్వయితే మా నాన్నను పట్టిచ్చేవాడివా?" అన్నాడు. పక్కనే నిలబడ్డ మా అబ్బాయి నవ్వాడు. నాకు నవ్వు రాలేదు.

మా నాన్నగారు హెడ్డు కానిస్టేబులు. నా చిన్నతనంలో ఒక రాత్రి బియ్యం మిల్లు వెనక పేకాటరాయుళ్లను పట్టుకుంటే, అందులో మా అన్నయ్య ఉన్నాడు. నాన్నగారు జాబితాలో మొదటిపేరు వాడిదే రాశారు. కోర్టులో జరిమానా కట్టి వచ్చాక, రెండేళ్లపాటు అన్నయ్య ఆయన పంక్తిని భోజనానికి కూర్చోలేదు. అమ్మ ఏడ్చేది. "ఎంత రాతిగుండె!" అని నేనూ అనుకున్నాను. నాన్నగారు పోయేదాకా అలాగే అనుకున్నాను.

ఇంటికి చేరగానే అన్నయ్యకు ఫోన్ చేశాను. వాడికిప్పుడు ఎనభై దాటాయి. బాస్ రీవ్స్ కథంతా చెప్పాను. అవతల చాలాసేపు మాట లేదు.

"ఒరేయ్, ఆ రాత్రి నాన్న అన్నం తినలేదురా. స్టేషను అరుగుమీద తెల్లవార్లూ కూర్చునే ఉన్నారు. కటకటాల్లోంచి నేను చూస్తూనే ఉన్నా" అన్నాడు.